పసుపు చేని కప్ప

బకెట్ మీద తడిబట్ట కప్పి, బట్ట మీద చాట బోర్లించి, చాట మీద రాయి పెట్టి మరీ బయలుదేరింది ప్రవీణ. వాకిలి దాటబోయి, మళ్లీ వెనక్కి వచ్చి, నాయనమ్మ శంకరవ్వ చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది.

"బాపమ్మా, బకెట్ల కప్పున్నది, పైలం. ఊరవతలికి పోయి దానికింత చెదలు తెస్త. నేనచ్చేదాక మూత తియ్యకు."

"తియ్యనే తల్లీ. ముసలితనంల కప్పకు కావలి కాయమని రాసిపెట్టుంటే తప్పుతదా," అన్నది శంకరవ్వ.

బతుకంతా సాంచాల పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టిన మనిషి శంకరవ్వ. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. ఒక్క సాంచా ఆడితేనే చెవుల్లో పోటు, ఆ వాడలో ఇంటి పక్కన ఇల్లు, కార్ఖానా పక్కన కార్ఖానా. ఆ టకటక ముందు చెవిలో దూరుతుంది, ఆనక చెవినే తినేస్తుంది. ఇప్పుడామెకు చెవిలో అరిస్తే తప్ప వినబడదు. అయితేనేం, ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టేస్తుంది. వీధి చివర ఇద్దరు గుసగుసలాడుకుంటే ఇక్కడ గడపలో కూర్చుని నవ్వుతుంది.

మనుమరాలు జగిత్యాల కాలేజీలో కప్పల చదువు చదువుతున్నదని తెలిసిన రోజున వాడంతా నవ్వింది. చదివి చదివి కప్పలపాలైందన్నారు. నవ్వినవాళ్లలో శంకరవ్వ కూడా ఉన్నది, ఏ మాటకు ఆ మాటే చెప్పుకోవాలి. కానీ నిన్న మాపు, ఒళ్లో బకెట్ పెట్టుకుని బస్సు దిగిన పిల్ల ముఖం చూశాక మాత్రం నవ్వు రాలేదు. అన్నం ముందు కూర్చుని కూడా ఆ బకెట్ దిక్కే చూసింది పిల్ల.

కథంతా అప్పుడే చెప్పింది. మిరుగు కార్తెకు పడ్డ మొదటి వానకు, కోరుట్ల పక్కన ఒక పసుపు చేను గట్టు మీద అరిచిందట ఈ కప్ప. ఏడాదంతా మన్నులో కూరుకుపోయి పడుకుని, వాన పడ్డ నాలుగు రోజులే పైకి వచ్చే రకం.

"చూస్తె అన్ని ఒక్కతీరే ఉంటయి బాపమ్మా. ఒక్క తల్లి పిల్లలే, ఎన్నడో ఏరువడ్డరు. ఏరువడి ఏరువడి, ఇప్పుడు ఒగలింట్లకెళ్లి ఒగలు పిల్లను తెచ్చుకోరు. అగో, గప్పుడు వాటిని ఏరే జాతి అంటరు."

"మరి ఒక్కతీరుగుంటే నువ్వెట్ల గుర్తువడతవే?"

"మడిమె కింద పార లెక్క గట్టిముద్ద ఉంటది. దాంతోనే మన్ను తవ్వుకుంటది. అది పక్క వేలుకన్న పెద్దగున్నదా చిన్నగున్నదా కొలుస్తం. కాళ్లు కొలుస్తం, పొట్ట గరుకుగున్నదా నున్నగున్నదా చూస్తం. అన్నిటికన్న గట్టి గుర్తు గొంతు. ఆడకప్ప మొగకప్ప మొఖం చూడది. గొంతు ఇని అస్తది. తన జాతి గొంతైతెనే అస్తది."

"మనకంటె తెలివిగల్లదే. నేను మీ తాత మొఖం చూసి అచ్చిన," అన్నది శంకరవ్వ.

ఈ కప్ప గొంతు మాత్రం, ఇప్పటిదాకా తెలిసిన గొంతుల్లో దేనితోనూ కలవడం లేదట. ప్రవీణ దాని అరుపును ఫోనులో పట్టింది, తర్వాత కప్పనూ పట్టింది. ఆ గొంతూ, ఆ గొంతున్న ఒళ్లూ రెండూ కలిపి చూపితేనే లెక్కలోకి వస్తుంది. ఆ వాన తర్వాత మబ్బు మళ్లీ మొఖం చూపించలేదు, ఇంకో కప్ప అరవలేదు. కప్పల జాతులు తేల్చే పెద్దసారు, ఈ రోజు గడిచాక, రేపు ఒక్క రోజే జగిత్యాలకు వస్తున్నాడు. ఆయన ముందే కొలవాలి, ఆయన ముందే దాని నోట్లోంచి దూదితో ఇంత తడి తీసి పరీక్షకు పంపాలి. హాస్టల్లో కప్పను ఉంచనీయలేదు గనుక ఇంటికి తెచ్చుకున్నది. రేపు పొద్దున మొదటి బస్సుకు తీసుకుపోవాలి.

"గొంతున్నది గని మనిషి లేడంటె ఎవలన్న నమ్ముతరా బాపమ్మా? ఇది లేకపోతె నేను తిరిగిన తిరుగుడంత ఉత్తదే," అన్నది ప్రవీణ.

శంకరవ్వ విన్నది, తల ఊపింది. కాదనడానికి లేదు. కానీ ఇవాళ మనుమరాలు చెదలకని అటు వెళ్లిందో లేదో, ఇటు వేపమండలు పట్టుకుని లసుమవ్వ వచ్చి గడపలో నిలబడ్డది.

లసుమవ్వ కోనరావుపేట దిక్కున ఒక చెలక కౌలుకు పట్టి పత్తి పెట్టిన మనిషి. ఒకసారి పెట్టిన గింజలు మన్నులో మాడిపోయాయి. మళ్లీ పెట్టింది. అవి కూడా వాన కోసం నోరు తెరుచుకుని ఉన్నాయి. అందుకే వాడ ఆడవాళ్లను కూడగట్టి కప్పతల్లిని ఎత్తింది. రోకలి నడుమ తడిబట్టలో వేపాకు పరిచి, అందులో కప్పలు పెట్టి మూటగట్టి, ఇద్దరు చెరో కొస పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. ప్రతి ఇల్లాలూ ఆ మూట మీద బిందెడు నీళ్లు పోస్తుంది. కప్ప తడిస్తే వాన కురుస్తుందని నమ్మకం.

"శంకరక్కా, మానేరు వాగు ఇసుకల తవ్వితె రెండే దొరికినయి. కప్పతల్లికి బేసి లెక్కుండాలె. ఒక్కటి తక్కువైంది. మీ పిల్ల బకెట్ల ఉన్నదట గద!"

"అది చదువు కప్పనే చెల్లే. పిల్ల మూత తియ్యద్దన్నది."

"చదువుకున్నదైతె ఇంక మంచిగనే మొక్కుతది వానకు. తిప్పి తిప్పి నీళ్లల్ల ఇడుస్తం గని కోసుకోని తింటమా? గడపకచ్చిన కప్పతల్లిని లేదని పంపుతవా అక్కా?"

ఆ మాట దగ్గర ఆగిపోయింది శంకరవ్వ. గడపకు వచ్చిన కప్పతల్లిని లేదని పంపిన ఇల్లు ఆ వాడలో లేదు. అదీకాక ఆమె లెక్క ఆమెకున్నది. కప్పకు కప్ప. ఆ మానేరు ఇసుకలోనే ఇంకోటి తవ్వించి, పిల్ల వచ్చేలోపల బకెట్లో వేసి, బట్ట కప్పి, చాట బోర్లించి, రాయి పెడితే తీరిపోతుంది. చూస్తే అన్నీ ఒక్కతీరుగానే ఉంటాయని పిల్లే కదా చెప్పింది! రాయి తీసింది. చాట తీసింది.

అయితే ఇంకో కప్ప దొరకనే లేదు. కప్ప దొరకలేదు గాని ప్రవీణ వచ్చేసింది. చేతిలో మోదుగాకు పొట్లం, పొట్లంలో చెదలు. చాట గోడకు ఆనించి ఉండడం చూసింది. బకెట్లోకి చూసింది.

"కప్పేది బాపమ్మా?"

"కప్పతల్లికిచ్చిన బిడ్డా. మాపటాల్లకు దాని తీరుదే ఇంకోటి..."

ప్రవీణ వాకిట్లోనే కూలబడ్డది. పొట్లం జారి చెదలు కాళ్ల చుట్టూ పాకాయి. పెదవులు కదిలాయి, మాట బయటికి రాలేదు. అయినా శంకరవ్వ ఆ పెదవులను చదివింది. 'అదొక్కటే' అంటున్నది పిల్ల.

తిడితే బాగుండేది. తిట్టలేదు. బాపమ్మ ముఖం తన దిక్కు తిప్పుకుని, నిదానంగా అడిగింది. "నలభై నంబరు నూలు కండెలల్ల, అరవై నంబరుది ఒక్కటి కలిసిందనుకో. చూస్తె రెండొక్కతీరే ఉంటయి. ఏమైతది బాపమ్మా?"

ఒక్క కండె మారితే బట్ట తానంతా చార పడుతుంది. అట్లా పడ్డ చారకు శంకరవ్వ ఎన్ని తిట్లు తిన్నదో, ఎంత ఏడ్చిందో, ఎవరి సాంచా మీద, ఏ రంగు తానో, ఇప్పటికీ పేరుపేరునా చెప్పగలదు.

"లే. నడువ్," అన్నది. చెప్పులు కూడా తొడుక్కోలేదు. తడిబట్టతో సహా బకెట్ అందుకుని ప్రవీణ వెంట ఉరికింది.

ఎండ నిప్పులు చెరుగుతున్నది. రెండు సందులు దాటి మూడో సందు మలుపులో కనబడ్డది రోకలి. ఒక కొస లసుమవ్వ భుజాన, ఇంకో కొస కిష్టవ్వ భుజాన. వెనక పాడుతూ ఆడవాళ్లు. మూట నుంచి పచ్చటి నీళ్లు కారుతున్నాయి. చెంబుల్లో పసుపు కలిపి పోస్తున్నారు!

"అత్తా, దించుండ్రి! ఒక్క నిమిషం దించుండ్రి! అండ్ల నా కప్పున్నది!" ప్రవీణ అడ్డం పడ్డది.

"ఎత్తిన రోకలి నడుమ దించొద్దు బిడ్డా. పోచమ్మ గద్దె కాన్నే దించుడు."

"పసుపు నీళ్లకు చస్తదత్తా! కప్ప తోలుతోని కూడ ఊపిరి పీలుస్తది. పసుపు మంట లేస్తది దానికి!"

"పసుపు మంటనా?" కిష్టవ్వ నవ్వింది. "పుండు మీద పెడతం, పసిపోరగాండ్లకు పెడతం. మనకు లేని మంట కప్పకేందే?"

"నీ ఒక్క చదువు కోసం దించితె, రేపు వాన పడకుంటె నన్నడుగుతరు జనం," అన్నది లసుమవ్వ. ఆ గొంతులో నవ్వు లేదు. "నా గింజలు కూడ ఊపిరి పీలుస్తలేవు బిడ్డా. గవి నీకు కనవడయి."

ప్రవీణ కళ్లలో నీళ్లు తిరిగాయి. శంకరవ్వ ఇద్దరి పెదవులనూ మార్చి మార్చి చూసింది. రోకలి దించమని అడిగే నోరు ఆమెకు లేదు. తన చేతులతో ఇచ్చింది, పైగా లసుమవ్వ పత్తి చెలకను కళ్లారా చూసింది. దించకూడదు. సరే. మరి ఆలస్యం కాకుండా చూడొచ్చు కదా!

కొంగు బిగించి రోకలి కన్నా ముందు నడిచింది. నడవడం కాదు, ఉరికింది. ఇంటింటి తలుపూ దబదబ బాదింది.

"బిందె పట్టుకోని గడపల నిలవడుండ్రి! కప్పతల్లి అస్తున్నది! పసుపొద్దు, ఉత్తనీళ్లు పోయుండ్రి!"

"పసుపు లేకుంటె మొక్కెట్లైతది శంకరక్కా?" ఒక ఇల్లాలు అడ్డం తిరిగింది.

"ఈ యేడు పసుపొద్దన్నది కప్పతల్లి."

"ఎవలికి చెప్పింది?"

"నాకు. మీ మాటలే ఇనవడయి నాకు, ఆమెయి ఇనవడతయి."

చెవిటి మనిషితో వాదం ఎవరు పెట్టుకుంటారు? పసుపు చెంబులు లోపలికి పోయాయి, ఉత్తనీళ్ల బిందెలు గడపల్లోకి వచ్చాయి. ఎప్పుడూ సాయంత్రం దాకా తిరిగే కప్పతల్లి పొద్దు ఇంకా నెత్తి మీది నుంచి పూర్తిగా వాలకముందే పోచమ్మ గద్దె దగ్గరికి చేరింది. మోసినవాళ్లు ఆయాసంతో తిట్టుకుంటూనే రోకలి దించారు. గద్దె ముందు సిల్వర్ బేసిన్లో మూట విప్పారు.

మూడు కప్పలు. మూడూ ఒక్కతీరే. మట్టిరంగు ఒళ్లు, బొద్దు తల, ఉబ్బు కళ్లు. రెండు కదిలాయి. ఒకటి కదలలేదు. సన్నగా, నీళ్లోడుతూ, వేపాకుకు అతుక్కుని అట్లాగే ఉన్నది.

ప్రవీణ మంచినీళ్లతో మూడింటినీ కడిగింది, మునివేళ్లతో ఒక్కొక్కదాన్నే తిప్పింది. ఒకదాని మడిమె ముద్ద మరీ పెద్దది. అది కాదని పక్కన పెట్టింది. మిగిలినవి రెండు. ఒకటి లావుది, ఇంకోటి ఆ కదలని సన్నది. రెండింటి గొంతు కిందా నలుపున్నది, అంటే రెండూ మొగవే. ఫోనులో పాత ఫోటో తెరిచి చూసింది. చీకట్లో, ఒంటినిండా బురదతో ఉన్నప్పుడు తీసిన ఫోటో, దేనితోనూ కలవడం లేదు. కలిసినట్టే ఉంటుంది, అంతలోనే కలవదు. రేపు సారు ముందే మంచిగా తీద్దామని, కొలుద్దామని ఊరుకున్నది మరి.

చుట్టూ జనం మూగారు. లావుదాన్ని అరచేతిలోకి తీసుకున్నది ప్రవీణ. "ఇదే అనుకుంట," అన్నది.

శంకరవ్వ ఆ పెదవులను చూసింది. "అనుకుంటనా? పెండ్లిపిల్ల ఈమెనే అనుకుంట అని తాళి కడతరానే? గొంతు గట్టి గుర్తంటివి. గొంతే చూడు."

"అది ఊకెనే అరవది బాపమ్మా. దాని గొంతు దానికే ఇనిపిస్తె, ఇంకోడు అచ్చిండని జవాబిస్తదేమో..." ప్రవీణ ఫోను బేసిన్ దగ్గర పెట్టి నొక్కింది. పెట్టిన ఆమెకే వినబడలేదు. గద్దె పక్కనే ఎల్లేశం కార్ఖానా. అన్ని సాంచాలూ ఒక్కసారిగా టకాటకా ఆడుతున్నాయి. నేల అదురుతున్నది. బేసిన్లో నీళ్లు వణుకుతున్నాయి.

శంకరవ్వ కార్ఖానాలోకి పోయింది. లోపల ఎవరికీ ఎవరి మాటా వినబడదు, అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. అక్కడ అందరూ శంకరవ్వలే.

"ఎల్లేశం, సాంచాలు ఒక్కపారి బంద్ జెయ్యి."

"ఎందుకు చిన్నమ్మా?"

"కప్ప గొంతు ఇనాలె."

ఎల్లేశం ఆమె నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు, జ్వరం ఏమైనా వచ్చిందా అని. ఆమె ఆ చెయ్యి తీసేసి, బయట బేసిన్ దగ్గర వంగి ఉన్న మనుమరాలిని చూపించింది, జరిగింది చెప్పింది. ఎల్లేశం ముఖం మారింది కానీ చెయ్యి స్విచ్ దిక్కు పోలేదు.

"బంద్ జేస్తె ఏమైతదో నీకెరుక లేదా? వాడల మనిషి పోతెనే గద పట్టపగలు సాంచాలాగేది. శవం లేంది ఆపుడు మంచిది గాదు చిన్నమ్మా."

"శవం గావాల్నా? నేను పోయిన్ననుకో. ఎట్లన్న పోయేదాన్నే."

"గట్లనకు!"

"అంట. నీ అయ్య సాంచాల కాడ్నే పోయినయి గదరా నా చెవులు. సగం పోయినట్టే లెక్క. ఆపు."

ఎల్లేశం పోచమ్మకు ఒక దండం పెట్టి, మెయిన్ దించాడు.

ఎల్లేశం కార్ఖానా ఆగింది. అది ఆగిన చప్పుడు పక్క కార్ఖానాకు వినబడ్డది. ఏమైందోనని వాళ్లు ఆపారు. వాళ్లు ఆపేసరికి ఆ పక్కవాళ్లు ఆపారు. వాడ వాడే పోగు తెగినట్టు ఆగిపోయింది. తువ్వాళ్లు భుజాన వేసుకుని మగవాళ్లు బయటికి వచ్చారు.

"ఎవలు పోయిండ్రు?"

"శంకరవ్వట."

"అయ్యో, పొద్దుగాలనే చూస్తి..."

"ఇంక పోలే!" శంకరవ్వ అరుగు మీదికెక్కి అన్నది. "పోయినప్పుడు చెప్పంపుత. ఇప్పుడైతె నోళ్లు మూసుకోని నిలవడుండ్రి."

అందరూ నోళ్లు మూసుకున్నారు. ఆ సంగతి ఆమెకు పెదవులను చూస్తేనే తెలిసింది. వచ్చి బేసిన్ అంచున అరచెయ్యి ఆనించి కూర్చున్నది. ప్రవీణ ఫోను నొక్కింది.

ఏమీ లేదు.

మళ్లీ నొక్కింది. లావు కప్ప కదిలింది. జనమంతా ముందుకు వంగారు. అది బేసిన్ అంచు ఎక్కబోయి జారిపడ్డది, అంతే. గొంతు కదలలేదు. సన్నది కళ్లు కూడా తెరవలేదు. లసుమవ్వ ముందుకు వచ్చింది. తన చెంబులోంచి దోసెడు ఉత్తనీళ్లు తీసుకుని, బిడ్డ నెత్తిన పోసినట్టు మెల్లగా ఆ సన్నదాని మీద పోసింది.

ప్రవీణ ఇంకోసారి నొక్కింది.

ముందు శంకరవ్వ అరచేతికి తెలిసింది. బేసిన్ అంచు చిన్నగా, గోటితో కొట్టినట్టు అదిరింది. సాంచాలన్నీ బందే, నేల నిమ్మళంగా ఉన్నది, ఆ అదురు లోపలిదే. వంగి చూసింది. సన్న కప్ప గొంతు కింద నల్లటి తిత్తి ఉబ్బింది, తగ్గింది, మళ్లీ ఉబ్బింది. తలెత్తితే ప్రవీణ నోటి మీద చెయ్యి పెట్టుకుని ఉన్నది, చెంపల మీద నీళ్లు. ఫోనులో గొంతు ఆగితే ఇది అంటున్నది. ఇది ఆగితే అది అంటున్నది.

"ఇదే," అన్నది ప్రవీణ. ఈసారి అనుకుంట అనలేదు. "లావుదాన్ని తీస్కపోతుంటి బాపమ్మా. దీన్ని ఇడిచిపెడుతుంటి."

కప్పను బకెట్లో పెట్టి తడిబట్ట కప్పబోతుంటే లసుమవ్వ ఆపింది. "మూడు నీళ్లల్ల ఇడువాలె బిడ్డా. లేకుంటె మొక్కు తీరది."

"రేపు సారు చూసినంక, పట్టిన కాన్నే ఇడుస్త అత్తా. కోరుట్ల పసుపు చేన్ల. దాని జాగ అది."

"కోరుట్లల ఇడిస్తె వాన కోరుట్లల పడతది. నా చెలక కోనరావుపేట దిక్కాయె."

"మబ్బుకు ఏది ఏ మండలమో ఎరుకా చెల్లే?" అన్నది శంకరవ్వ. అని ఊరుకోలేదు, లసుమవ్వ చెయ్యి పట్టుకున్నది. "నేనిచ్చిన, నేనే తప్పిన. రేపు పిల్లతోని నేను పోత. నా చేతుల మీదుగ ఇడుస్త, నీ పేరు చెప్పి నీళ్లు పోస్త. మొక్కు నాది."

లసుమవ్వ ఎవరి చేతిలోనో ఉన్న నీళ్ల సీసా లాక్కుని, అందులోవి పారబోసి, బేసిన్లో మూడు కప్పలూ తడిసిన నీళ్లు పట్టి, మూత బిగించి శంకరవ్వకు ఇచ్చింది.

"గివ్వే పోయాలె. బస్ల దూపైతున్నదని తాగేవు."

మిగిలిన రెండింటినీ మానేరులో విడవడానికి ఆడవాళ్లు కదిలారు. ఎల్లేశం గడపలోంచి చేత్తో సైగ చేశాడు, ఇక వేసుకోనా అని. శంకరవ్వ ముందు బకెట్ నేల మీది నుంచి లేపి ఒళ్లోకి తీసుకున్నది, తర్వాతే వేసుకొమ్మని తల ఊపింది. ఒకదాని వెనక ఒకటి సాంచాలు లేచాయి.

ఇంటికి వచ్చాక తడిబట్ట కప్పి, చాట బోర్లించి, రాయి పెట్టింది ప్రవీణ. శంకరవ్వకు అది చాలలేదు. ముక్కాలిపీట తెచ్చుకుని బకెట్ పక్కనే కూర్చుని, చాట మీద చెయ్యి వేసింది. కాసేపటికి మనుమరాలిని పిలిచింది.

"లోపల ఏమన్న అంటున్నదానే?"

ప్రవీణ వంగి చెవి పెట్టింది. "ఏం అంటలేదు బాపమ్మా."

"అననియ్యకు. రేపు సారు ముందట అనాలె."